రెండు కార్తీకాల ఇల్లు

కాసమ్మకి అక్షరం రాదు, ముడి వచ్చు.

మార్కండిలో ఆడపిల్ల నడక నేర్చిన ఏడాదికే చేతికి నూలుండ ఇస్తారు. ఇల్లు దిగితే ఇసక, ఇసక దిగితే సముద్రం. ఆ ఇసకలో కాళ్ళు చాపుకుని వల అల్లుతూ వాళ్ళమ్మ చెప్పేది: వలంటే కన్నాలు కావే, ముడులు. కన్నాన్ని లోకమంతా చూస్తాది. జారిపోయిన ముడిని మాత్రం చేపొక్కటే చూస్తాది.

అందుకే బరంపురంలో, రిజిస్ట్రారు కచేరీ ఎదుట పెంకుల వసారాలో, దస్తావేజులు రాసే ధర్మలింగం కలం సిరాలో ముంచి "ఇంకేం రాయమంటావు కాసమ్మా" అని అడిగితే, ఆమె తడుముకోకుండా చెప్పింది.

"ముడేసి రాయండి బాబూ. జారిపోకూడదు."

"కాగితం మీద ముడేమిటే?"

"షరతులు. పోయినసారి మాటలతో ఇచ్చాను ఇల్లు. ఆ పకోడీల అప్పలస్వామి ఏటి సేసాడు? ఎల్తా ఎల్తా వంటింటి తలుపు రెక్కలు ఊడదీసుకుని బండికెత్తుకుపోనాడు. కోర్టుకెల్తే కాగితమేదీ అన్నారు. తలుపే నేకపోతే కాగితమెక్కడ దాస్తానని అడిగాను. నవ్వేరు."

ధర్మలింగం కూడా నవ్వాడు. అవతల, చాప అంచు మీద గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషికి ఆ తెలుగు సగమే అర్థమయింది. అయినా మర్యాదకి నవ్వాడు. ఆయన పేరు గదాధర మహంతి. కొత్త ఒరిస్సా ఏర్పడ్డాక పూరీ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన సర్కారు గుమాస్తా. ఆ ఊళ్ళోనే గోసాని నువాగాం పేటలో ఉన్న కాసమ్మ ఇంట్లో అద్దెకి దిగబోతున్నాడు.

ఆ ఇల్లు రంగం నుంచి వచ్చింది. కాసమ్మ పెనిమిటి సోములు గోపాలపురంలో స్టీమరెక్కి, అందరూ రంగం అనే రంగూన్ వెళ్ళి, బియ్యం మిల్లులో బస్తాలు మోసి, మోసిన బరువునంతా ఇటుకలుగా మార్చి బరంపురంలో నిలబెట్టాడు. రెండు గదులు, వంటిల్లు, వీధి గది, ముందర ఎత్తైన అరుగు. చేపలవాళ్ళలో బస్తీ ఇల్లున్నది తమకేనని కాసమ్మ అరుగంతా చేత్తో తడిమి చూసుకుంది. సోములు ఆ ఇంట్లో ఒక్క వానాకాలం పడుకున్నాడు. పెంకుల మీద పడే వాన మిల్లులో ధాన్యం జారినట్టుందని అంటూ నిద్రపోయేవాడు. మళ్ళీ స్టీమరెక్కాడు. రంగం నుంచి ఇల్లొచ్చింది, మనిషి రాలేదు. జ్వరంలో పోయాడని, అతనితో వెళ్ళిన మిల్లువాళ్ళెవరో తిరిగొచ్చి చెబితే తెలిసింది.

అప్పటినుంచి కాసమ్మ మార్కండిలోనే ఉంటూ, ఎండుచేపల బుట్ట బరంపురం బజారుకి తెస్తూ, ఇల్లు అద్దెకిస్తూ బతికింది. ఆ ఇంటిని తలుచుకుంటే ఆమెకి రేవుకి కట్టిన పడవలా ఉండేది. ఎక్కి ఎక్కడికీ వెళ్ళకపోయినా ఉందన్న ధైర్యం.

ధర్మలింగం తెలుగు దస్తావేజులు రాసి రాసి వేళ్ళు అరగదీసుకున్న మనిషి. రాష్ట్రం మారాక ఒరియాలో రాస్తే కచేరీలో పని చప్పున అవుతుందని అందరూ అనడంతో, నెత్తి నెరిశాక కొత్త అక్షరాలు దిద్దుకున్నాడు. నెత్తిన గుండ్రటి గొడుగులు వేసుకున్న ఆ అక్షరాలు అతని కలం కింద ఒకదాన్నొకటి రాసుకుంటూ, వానలో సంతకి వెళ్ళే జనంలా నడిచేవి.

తలుపులూ కిటికీలూ ఉన్నవి ఉన్నట్టు అప్పగించాలి. పగిలిన పెంకులు వానలకి ముందే మార్పించాలి. ఇంకొకరికి అద్దెకివ్వకూడదు. ఒక్కొక్కటీ కాసమ్మ చెబుతుంటే ధర్మలింగం ఒరియాలోకి మార్చి గదాధరుడికి వినిపించి రాస్తున్నాడు.

"ఇంకోటి. నాకు ఇల్లు కావాల్సొస్తే ఒగ్గీయాలి."

ధర్మలింగం కలం ఆపాడు. "ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచిపొమ్మంటే ఏ కోర్టూ ఒప్పుకోదు. నిలబడే షరతు రెండు వైపులా కట్టెయ్యాలి. ఫలానా రోజులోగా నువ్వు చెప్పాలి. చెబితే నెల తిరిగేలోగా ఆయన ఖాళీ చెయ్యాలి. చెప్పకపోయావో, ఇంకో ఏడాది ఇల్లు ఆయనదే. నువ్వు బతిమాలినా, ఏడ్చినా."

కాసమ్మ ఆలోచించింది. ఒకవైపే లాగితే ముడి పడదు. "నాయమే. రాయండి."

"ఏ రోజు పెట్టమంటావు?"

"కార్తీక పున్నానికి మా పడవలకి పసుపూ కుంకం పెట్టుకుంటాం. అదయ్యాకే బుట్టెత్తుకుని ఇటొస్తాను. పున్నం ఎల్లిన అయిదో నాడు పెట్టండి."

"కార్తీక బహుళ పంచమి" అన్నాడు ధర్మలింగం. రాస్తూ గదాధరుడి వైపు తిరిగి "కార్తిక కృష్ణ పంచమి" అన్నాడు.

గదాధరుడు బొటనవేలితో కణుపులు లెక్కపెట్టుకుని బాగుందన్నాడు. ఇద్దరూ ఒకే మాటకి తలలూపారు. కాసమ్మ వేలిముద్ర వేసి, వేలికంటిన సిరాని చీరచెంగుకి కాక తలకి రాసుకుంది. ఆ సాయంత్రం రైల్లో ఛత్రపురం వైపు వెళుతూ ఇల్లు ఇన్నాళ్ళకి రేవుకి గట్టిగా కట్టుబడిందనుకుంది.

గదాధరుడు మంచివాడు. అద్దె అడిగించుకోలేదు. వానలు రాకముందే పెంకులు మార్పించాడు. మెల్లగా ఆ ఇంట్లో అందరికీ తెలుగు కూడా పట్టుబడింది. ఆయన భార్య కుంతళ, కాసమ్మ బుట్టతో వస్తే పెరటి గుమ్మం దగ్గరే ఆపి, "మావుసీ, మా అత్తగారు వైష్ణవం. నీ ఇంట్లోకి నువ్వు రా, నీ బుట్ట రాకూడదు" అనేది. పిన్నీ అని పిలిచి బయట నిలబెట్టడం ఆమెకే చెల్లింది. కాసమ్మ కూడా తగ్గేది కాదు. "నా బుట్ట రాకపోతే పోనీ, దాని వాసన ముందే వచ్చి కూకుంది సూడు తల్లీ, దానికేటి షరతు రాయిస్తావు" అనేది. కుంతళ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మంచినీళ్ళిచ్చేది.

గదాధరుడి తల్లికి ఒక పక్క పడిపోయింది. లోపలి గదిలో మంచం మీద ఎప్పుడూ ఆ ఆకారం కనిపించేది. ఆమెని చూసినప్పుడల్లా కాసమ్మకి ఒడ్డున బోర్లించిన పాత తెప్ప గుర్తొచ్చేది.

రెండో ఏడు గౌరికి మళ్ళీ నెల తప్పింది.

గౌరి కాసమ్మకి ఒక్కతే కూతురు. అల్లుడు జగ్గన్న కూడా రంగం బాటే పట్టాడు. ఏడాదికోసారి వస్తాడు, కడుపులో ఒక ఆశ పెట్టి వెళ్ళిపోతాడు. మొదటి కాన్పు రెండు పగళ్ళు సాగి, బిడ్డ నీలంగా వచ్చింది. రెండోది ఏడ్చింది, ఏడుపు ఆపింది. గౌరికి మాత్రం నెత్తురు ఆగలేదు. ఛత్రపురందాకా ఇసకలో ఎడ్లబండి, అక్కణ్ణుంచి రైలు, బరంపురంలో ఆసుపత్రి. బండి చక్రం ఇసకలో దిగబడ్డప్పుడల్లా కాసమ్మ కూతురి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. లేడీ డాక్టరు బతికించింది. బతికించి, కాసమ్మని పక్కకి పిలిచి చెప్పింది.

"ఇంకోసారైతే ఈ ఊళ్ళో, నా పిలుపందే దూరంలో ఉండాలి. మార్కండి నుంచి బండి మీద తెస్తానంటే దారిలోనే ఇద్దరినీ పోగొట్టుకుంటావు."

ఆసుపత్రిలో నొప్పులొచ్చినవాళ్ళకే మంచం. ముందుగా ఉంచుకోరు. బరంపురంలో పురిటికొచ్చే పిల్లకి, అందులోనూ చేపలవాళ్ళ పిల్లకి, ఎవరూ గది ఇవ్వరు. మైల అంటారు, వాసన అంటారు. అయినా కాసమ్మ దిగులుపడలేదు. ఇల్లుంది. షరతుంది. పుష్యమాసానికి కాన్పు. కార్తీకంలో చెబితే మార్గశిరం వెళ్ళేలోగా ఇల్లు చేతికొస్తుంది. ఆ ఏడు రంగంలో కొట్లాటలని విన్నారు. జగ్గన్న దగ్గర్నుంచి కబురు లేదు. మొగుడి కబురు కోసం గౌరి సముద్రం వైపు చూస్తుంటే, కాసమ్మ ఆమె ముఖం బరంపురం వైపు తిప్పేది. "అటేటి సూస్తావు. మనకి ఇల్లుంది."

కార్తీక పున్నమి నాడు పడవలకి పసుపు పూశారు. అరటిదొన్నెల్లో దీపాలు వదిలారు. పున్నమి వెళ్ళిన లక్ష్మివారం పొద్దున్నే కాసమ్మ బరంపురం వచ్చింది. గడువుకి ఇంకా వ్యవధి ఉంది. బుట్ట కూడా తేలేదు. ఈ రోజు ఆమె చేపలమ్మే మనిషి కాదు, ఇంటిమనిషి.

వీధి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

అరుగు మీద, గడప మీద, లోపలి గచ్చు మీద బియ్యపు పిండితో తెల్లటి ముగ్గులు. వరికంకులు, తామరలు, ఇంట్లోకి నడిచి వెళుతున్న చిన్నచిన్న పాదాలు. లక్ష్మీదేవి పాదాలు. ఇంకా తడారలేదు. ఆ తడిలో పొద్దుటి ఎండ ఎర్రగా నిలబడింది. కుంతళ నడుం వంచి, పిండిలో వేళ్ళు ముంచి చివరి పాదానికి బొటనవేలు పెడుతోంది.

"ఇదేటి తల్లీ, మార్గశిర లచ్చివారం ముగ్గులు ఇప్పుడే ఎట్టేసావు? కార్తీకమింకా పోనేదు."

కుంతళ తలెత్తి నవ్వింది. "ఎక్కడి కార్తీకం మావుసీ. పున్నమితో పోయింది. ఇది మార్గశిరం. మొదటి గురువారం ఇవాళ."

అది వినగానే కాసమ్మకి ఏమీ అర్థం కాలేదు. ఆ పాదాలు తొక్కకుండా ఒక పక్కగా అరుగెక్కి, గదాధరుణ్ణి పిలిచి చెప్పింది. కూతురి సంగతి, డాక్టరు మాట, ఇల్లు కావాలి.

గదాధరుడు విన్నాడు. లోపలికి వెళ్ళి దస్తావేజు ఒక చేత్తో, పంచాంగం ఒక చేత్తో తెచ్చాడు. ఆయన ముఖంలో గెలుపు లేదు. అదే ఉంటే కాసమ్మకి తిట్టుకోడానికి ఒక మనిషి దొరికేవాడు.

"మావుసీ, రోజు దాటిపోయింది. నువ్వు వస్తావేమోనని ఆ రోజుదాకా నేను ఎదురుచూశాను కూడా. రాలేదు కదా, ఇంకో ఏడాది మాదే అని అమ్మకి చెప్పుకున్నాం."

"బహుళ పంచమి ఎల్లుండి కదా బాబూ."

"మీకు. మీ నెల అమావాస్యతో నిండుతుంది. మా నెల పున్నమితో నిండుతుంది. మాకు ముందు చీకటి పక్షం, తరవాత వెన్నెల పక్షం. ఆశ్వయుజ పున్నమి మరునాడే మా కార్తీకం వచ్చింది. దాని కృష్ణ పంచమి దీపావళికి ముందే వెళ్ళిపోయింది." పంచాంగం విప్పి, ఆమెకి చదువు రాదని మరిచిపోయి, వేలు పెట్టి చూపించాడు. "నేను మోసం చెయ్యలేదు మావుసీ. ఆ వసారాలో లెక్క పెట్టుకున్నది ఈ రోజునే."

కాసమ్మ ఆ వేలి కింద చూసింది. చీమల్లాంటి అక్షరాలు. తను చూసిన చందమామనే ఈ మనిషీ చూశాడు. ఒకే వెన్నెల ఇద్దరి పెంకుల మీదా పడింది. దానికి ఇద్దరూ పెట్టుకున్న పేర్ల మధ్య ఒక నెల గుంటలా తెరుచుకుని ఉంది. అందులో గౌరి ఉంది.

"మీ మాట ఒద్దు, నా మాట ఒద్దు. ఇల్లిప్పించండి బాబూ. దాని పేనం మీదకొచ్చింది."

"మా అమ్మ ప్రాణం కూడా ఆ మంచం మీదే ఉంది. ఈ బదిలీలో ఆమెని మూడిళ్ళు మార్చాను. మార్చినప్పుడల్లా కొంచెం కొంచెం పోయింది. ఇంకోసారి ఎత్తితే చేతుల్లోనే పోతుంది. ఊళ్ళో ఖాళీ ఇల్లు ఉంటే చూపించు, రేపే వెళతాను."

కాసమ్మ చూపించలేకపోయింది. ఆ రోజూ మర్నాడూ ఊరంతా తిరిగినా దొరకలేదు.

ధర్మలింగం దగ్గరికి వెళ్ళింది. చెప్పడం పూర్తి కాకముందే అతని చేతిలో కలం చాప మీద పడింది.

"బహుళాన్ని కృష్ణ అని మార్చాను కాసమ్మా. కార్తీకాన్ని కార్తీకమనే ఉంచేశాను. మార్గశిర కృష్ణ పంచమి అని రాయాలి. మాట మార్చాను గాని నెల మార్చలేదు. శివరాత్రికి ప్రతి ఏడూ వాళ్ళు ఫాల్గుణమంటారు, మనం మాఘమంటాం. అందరం ఒకే రాత్రి ఉపాసముంటాం. తెలియక కాదు. తెలిసింది చేతిలోకి రాలేదు."

"ఏటి సేద్దాం మరి?"

అతను ఆమెని వెంటబెట్టుకుని వేణుగోపాలరావు వకీలు దగ్గరికి తీసుకువెళ్ళాడు. వకీలు దస్తావేజు నకలు రెండుసార్లు చదివాడు.

"వాదించొచ్చు. నువ్వు తెలుగుదానివి, రాసినవాడు తెలుగువాడు, మీ మనసులో ఉన్న నెల ఇదీ అని. కాని కాగితం ఒరియాలో ఉంది, ఒప్పుకున్నవాడు ఒరియావాడు. ఆయన మనసులో ఉన్న నెల కూడా నిజమే. తేలేసరికి ఒక ఏడాది. అప్పీలంటే ఇంకా."

"కడుపు వాయిదాలకి ఆగుతాదేటి బాబూ?"

వకీలు నకలు మడిచి ఆమె చేతికిచ్చాడు.

మార్కండి తిరిగి వెళితే గౌరి, తల్లి నడక చూసే ఇల్లు రాదని గ్రహించింది. "పోన్లే అమ్మా. ఈడే ఉంటాను. ఈసారి నెమ్మదిగా ఒస్తాడేమో." బిడ్డని మగబిడ్డగా, నెమ్మదస్తుడిగా ఊహించుకుని పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఆ చెయ్యి చూశాక కాసమ్మ గుడిసె బయటికి వచ్చేసింది. సముద్రం ఎప్పటిలాగే వస్తూ పోతూ ఉంది. దానికి ఏ నెలా లేదు.

మళ్ళీ బరంపురం వచ్చి, సొంత ఇంటి అరుగు మీద కూర్చుంది. లేవలేదు. పోట్లాడలేదు, ఏడవలేదు. పొద్దున్న ఆఫీసుకి వెళుతూ గదాధరుడు చూశాడు. సాయంత్రం వస్తూ చూశాడు. కుంతళ ఇచ్చిన మంచినీళ్ళు తాగింది, అన్నం వద్దంది. మూడో రోజు గదాధరుడు చెప్పులు విప్పి ఆమె పక్కనే అరుగు మీద కూర్చున్నాడు.

"వీధి గది ఇస్తాను. కాన్పయి, పిల్ల లేచి తిరిగేదాకా."

కాసమ్మ ఆయన కాళ్ళ మీద పడబోయింది. ఆయన వెనక్కి జరిగాడు.

"ఆగు మావుసీ. నాకూ భయాలున్నాయి. ఒకసారి లోపలికొస్తే ఇల్లంతా అడుగుతావు. అడిగే హక్కూ నీకుంది. అందుకని అయిదేళ్ళదాకా ఇల్లు అడగనని రాసివ్వాలి. అమ్మ అంతకాలం ఉండదు. ఉన్నన్నాళ్ళూ ఆమెని కదపక్కర్లేదు."

తలుపు వెనకనుంచి కుంతళ, కనిపించకుండా, మెల్లగా అంది. "గదిలో పురుడు పడకూడదని కూడా రాయించండి. అత్తయ్యకి మైల తగిలితే నీళ్ళు కూడా ముట్టదు. నొప్పులు రాగానే ఆసుపత్రికి వెళ్ళిపోవాలి."

కాసమ్మ అన్నిటికీ సరేనంది. ఇంకా ఏమైనా ఉంటే అదీ సరేనంది.

ధర్మలింగం రాతకూలి పుచ్చుకోలేదు. ఈసారి ప్రతి గడువుకీ తెలుగు నెల, ఒరియా నెల, ఇంగ్లీషు తారీకు మూడూ రాశాడు. రాసిన ప్రతి మాటా రెండు భాషల్లో చదివి వినిపించాడు. "ఇంటి యజమానురాలు కాసమ్మ, తన ఇంటి వీధి గదిలో ఉండుటకు అనుమతి పొంది" అన్న దగ్గర ఆగి కాగితం దించాడు.

"సొంతింట్లో గది అడుక్కుని కాగితం రాసిచ్చిన దాన్ని నిన్నే చూశాను" అన్నాడు.

"సూసారు కదా. ముడి బాగా ఎయ్యండి" అంది కాసమ్మ. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

అయిదేళ్ళ ఇంటి మీద వేలిముద్ర వేసింది.

మార్గశిరం చివర్లో గౌరి వీధి గదిలోకి వచ్చింది. తల్లీ కూతుళ్ళు ఆ గదిలో రెండు పిల్లుల్లా ఉన్నారు. దగ్గొస్తే గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. చేప ముట్టలేదు. గోడకి అవతల ముసలామె మూలుగు, ఇవతల గౌరి నిట్టూర్పు, రాత్రిళ్ళు ఒకదానికొకటి జవాబు చెప్పుకునేవి. వాన పడితే పెంకుల మీద ఎలా ఉంటుందోనని గౌరి అడిగింది. అది వానాకాలం కాదు.

డాక్టరు చెప్పిన రోజుకి చాలా ముందే, ఒక పట్టపగలు, నొప్పులొచ్చాయి. గదాధరుడు ఆఫీసులో ఉన్నాడు. కాసమ్మ ఎదురింటి చిట్టమ్మని జట్కా కోసం పరుగెత్తించింది. పరుగెత్తిన మనిషి రాలేదు. గచ్చు మీద ఉమ్మనీరు జారింది.

"లెయ్యి గౌరీ. వీధిలోకి పోదాం. జట్కా ఒచ్చెస్తాది."

"నాను నడవలేనమ్మా."

"నడవాల. ఇక్కడ కాకూడదు. కాగితం రాసాం."

గౌరి పళ్ళు బిగపట్టి తల్లి కళ్ళలోకి చూసింది. "అయితే ఆ కాగితాన్నే కనమను."

ఆ మాటకి కాసమ్మ, తలుపు లోపలినుంచి గడియ పెట్టేద్దామనుకుంది. ఎవరేం చేస్తారు? కాని గడియ వేస్తే డాక్టరుని పిలిచేదెవరు? గది పోతే, ఈ నీరసంలో పిల్లని ఎక్కడ పడుకోబెట్టడం? అన్నీ ఒక్కసారే తోచాయి. వంగి, కూతురి చంకల కింద చేతులు వేసి, తడి వలని ఒడ్డుకి లాగినట్టు లాగింది. గది దాటింది. గడప దాటింది. అరుగు మీద గౌరి ఒరిగిపోయింది. ఇంక లేవలేదు.

వీధిలో ఆడవాళ్ళు చూశారు. ఒకామె ఆరేసిన చీర లాగి తెచ్చింది. ఇంకొకామె రెండో కొస పట్టుకుంది. ఒరియా ఆడవాళ్ళు, తెలుగు ఆడవాళ్ళు, వీధికి వీపులు పెట్టి అరుగు చుట్టూ గోడలా నిలబడ్డారు. చిట్టమ్మ జట్కా దొరక్క ఆసుపత్రికే పరుగెత్తిందని ఎవరో చెప్పారు.

లోపలనుంచి అడుగుల చప్పుడు. కుంతళ వేడినీళ్ళ గంగాళం గడపకి ఇవతల పెట్టింది. పాత మెత్తటి చీర ఒకటి దాని పక్కన పెట్టింది. గడప దాటకుండా అక్కడే నిలబడింది, వెనక్కి వెళ్ళలేదు. "తల వచ్చిందా మావుసీ" అని అడిగింది. కాసేపటికి మళ్ళీ అడిగింది.

బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. ఏడవలేదు. కాసమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని వీపు మీద తట్టింది. చీర పట్టుకున్న చేతులు కూడా కదల్లేదు. బజారు చప్పుడు దూరంగా, ఇంకో లోకంలోంచి వినిపించింది. కాసమ్మ బిడ్డ నోట్లో నోరు పెట్టి ఊపిరి లాగి ఉమ్మింది, మళ్ళీ తట్టింది. అప్పుడు ఒక సన్నటి శబ్దం, వల నూలు తెగినంత. తర్వాత ఏడుపు.

డాక్టరమ్మ వచ్చేసరికి మాయ పడింది. ఆమె అరుగు మీద మోకరించి గౌరి పొట్ట మీద చేతులతో అదమడం మొదలుపెట్టింది. నెత్తురు వస్తోంది. ఇంకా వస్తోంది.

గదాధరుడికి ఎవరు చెప్పారో, ఆఫీసు నుంచి గొడుగు కూడా మరిచి వచ్చాడు. ఆడవాళ్ళ వెనక, వీధిలో నిలబడిపోయాడు. కాసమ్మ బిడ్డని గుండెకి అదుముకుని ఆయన వైపు తిరిగింది. చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి.

"బాబూ, గదిలో కానివ్వనేదు. బయటికి లాక్కొచ్చాను. ఇంక దీన్ని లెగదియ్యలేను. ఈ అరుగు ఇంట్లోదో వీధిలోదో, కాగితం సూసి సెప్పండి. వీధిలోకి పొమ్మంటే పోతాను."

ఆయన గడప దగ్గరున్న భార్యని చూశాడు. ఆమె తల దించుకుంది.

ఒరియాలో అరుగుని పిండా అంటారు. "పిండా గురించి కాగితంలో ఏమీ రాయలేదు మావుసీ" అన్నాడు.

ఆ మాట విని కాసమ్మ గోడకి వీపు ఆనించింది. ఆనిన చోట ఇటుక చల్లగా ఉంది.

"తగ్గుతోంది" అంది డాక్టరమ్మ, తల ఎత్తకుండా. "మంచం ఏదైనా తెండి. ఆసుపత్రికి మోసుకెళ్ళాలి. కుదపకూడదు."

ఇంట్లో రెండు మంచాలే ఉన్నాయి. ఒకదాని మీద ముసలామె ఉంది. రెండోది గదాధరుడూ కుంతళా పట్టుకుని గడప దాటించి తెచ్చారు. నలుగురు మగవాళ్ళు తలో కోడూ ఎత్తారు, గదాధరుడు తల వైపు పట్టాడు. గౌరి కళ్ళు మూసుకునే ఉన్నాయి. పెదాలు కదిలాయి. ఏం అందో కాసమ్మకి వినబడలేదు. మంచం పక్కనే బిడ్డని చెంగులో చుట్టుకుని పరుగులాంటి నడకతో వెళుతూ, అడుగడుక్కీ కూతురి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తోంది. ప్రతిసారీ వేళ్ళకి వెచ్చగా, కొంచెంగా, ఊపిరి తగులుతోంది.